ప్రత్యామ్నాయ నానమ్మ

చారులో పంచదార పడిందని నేను, పడలేదని మా అత్తయ్యగారు. వాదన అప్పటికే చారన్నం దాటి, పెరుగన్నం దాకా వచ్చేసింది.

"నీ నాలుకకే ఏదో అయ్యింది హైమా. వేసిన చేతికి తెలీదా, ఏం వేసిందో?" అన్నారు అత్తయ్యగారు.

"చేతికి తెలుస్తుందండీ. డబ్బా మీద ఏముందో కంటికి తెలియట్లేదు."

"కంటి మాటెత్తకు. అన్నం దగ్గర కంటి మాటలేంటి?"

ఇద్దరం మావారి వైపు చూశాం. మావారు వామనరావుగారు నీటిపారుదల శాఖలో పని చేస్తారు. ఏ ఫైలు మీదా తన అభిప్రాయం రాయకుండా 'తగు నిర్ణయం నిమిత్తం' అని పైకి పంపడంలో ఆ ఆఫీసులో ఆయన తర్వాతే ఎవరైనా. చారు ఇంకో గరిటె పోయించుకుని, తాగి, చాలాసేపు ఆలోచించారు.

"కొంచెం తియ్యగా ఉన్న ఉప్పులా ఉంది," అన్నారు.

"విన్నావా? ఉప్పేనన్నాడు," అన్నారు అత్తయ్యగారు.

"నాకు నచ్చింది నానమ్మా, పాయసంలా ఉంది," అంది మా అమ్మాయి చిన్మయి. అది నాలుగో తరగతి. నానమ్మ పార్టీ.

అత్తయ్యగారికి రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్ చేయించుకోవాలని డాక్టరు చెప్పి చాలా కాలమైంది. మొదట్లో ఇంకా ముదరలేదన్నారావిడ. ముదిరాక ఎండాకాలమన్నారు. ఎండలు తగ్గాక ముసురన్నారు. అసలు సంగతి ఒకరోజు ఆవిడ నోటివెంటే బయటపడింది.

"ఆపరేషనయ్యాక కొన్నాళ్లు పొయ్యి దగ్గరికి వెళ్లొద్దంటారు. అన్నాళ్లూ వంటిల్లు ఎవరు చూస్తారు?"

"నేనున్నాను కదండీ," అన్నాను.

"అందుకే వద్దంటున్నాను."

ఆ తర్వాత ఇంట్లో ఆ విషయం ఎవరం ఎత్తలేదు. చిన్మయి మాత్రం ఎప్పుడైనా నానమ్మ ముఖంలో ముఖం పెట్టి "నేను కనిపిస్తున్నానా?" అని అడిగేది. "నువ్వు కనపడకపోవడమేంటే, నా బంగారం," అనేవారావిడ, దాని చెవి వైపు చూస్తూ.

నేను మా ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. చిన్మయి కూడా అక్కడే చదువుతోంది. టీచర్ల పిల్లలు టీచర్ల బడిలోనే చదవాలని ఆ మధ్య ఒక ఉత్తర్వు వచ్చింది. మిగతావాళ్లందరూ దాని మీద కోర్టుకెళ్లారు. వెళ్లాలా వద్దా అని మావారు ఆలోచిస్తూండగా చిన్మయి రెండో తరగతి పాసైపోయింది.

చారు గొడవ జరిగిన మర్నాడే బడికి ఇంకో ఉత్తర్వు వచ్చింది. మా హెడ్మాస్టరు తాతాజీగారు ఉత్తర్వుల్ని కూర్చుని చదవరు. చొక్కా పై గుండీ పెట్టుకుని, లేచి నిలబడి, మేము కూడా నిలబడ్డాక చదువుతారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, బాలబాలికలలో వాదనా పాటవమును పెంపొందించు నిమిత్తము, నాలుగు, ఐదు తరగతుల విద్యార్థులు ప్రతి వారము ఒక ప్రేరణాత్మక పరిచ్ఛేదము రాయవలెను..."

"అంటే ఏంటండీ?" అంది ఐదో తరగతి చెప్పే రత్నకుమారి.

"ఎదుటివాళ్లని ఒప్పించేలా ఒక పేరా రాయడమండి. వినండి, అసలుది ఇప్పుడొస్తుంది. సదరు పరిచ్ఛేదము చదివిన పిమ్మట చదువరి మనస్సు మారినచో 'ఏ' గ్రేడు, మారబోయి ఆగినచో 'బి' గ్రేడు, కొద్దిగా చలించినచో 'సి' గ్రేడు, చలించనిచో 'డి' గ్రేడు ఇవ్వవలెను. మనస్సు మారినట్లు ఋజువుగా చదువరి సదరు పనిని చేసి చూపవలెను. పని చేయకుండ 'ఏ' గ్రేడు ఇచ్చుట తప్పుడు మూల్యాంకనముగా పరిగణింపబడును."

తాతాజీగారు కాగితం మడిచి, గుండీ విప్పుకుని కూర్చున్నారు. మేమూ కూర్చున్నాం. అందులో ప్రమాదమేమీ మాకు కనపడలేదు. పిల్లలు రాస్తారు, మేం దిద్దుతాం, అంతే కదా అనుకున్నాం.

మొదటి వారం మా తరగతిలో దుర్గాప్రసాద్ రాసింది చదివి నేను పడీ పడీ నవ్వాను. 'లెక్కల హోంవర్కు ఇవ్వకూడదు. ఎందుకంటే మేము లెక్కలు బడిలో తప్పు చేస్తున్నాము. ఇంటి దగ్గర కూడా చేస్తే తప్పులు రెట్టింపు అవుతాయి. మీరు దిద్దలేక అలిసిపోతారు. మీ మీద జాలితో చెప్తున్నాను.' ఆ ఆఖరి వాక్యానికి ముచ్చటేసి 'ఏ' పెట్టేశాను.

సాయంత్రం తాతాజీగారు నన్ను పిలిచారు.

"హైమవతిగారూ, 'ఏ' వేశారు. అంటే మీ మనసు మారిందండి."

"ముచ్చటేసి వేశానండీ."

"ముచ్చటకి కాలమ్ లేదండి. రేపట్నించి లెక్కల హోంవర్కు ఆపెయ్యండి."

ఆపేశాను. రెండో వారం మేరీగ్రేసు తెలుగు పాఠం వేపచెట్టు కింద చెప్పాలని రాసింది. బాగానే రాసింది. చెట్టు కిందికి వెళ్లాం. మూడో వారం షాహిదా ఇలా రాసింది: 'గుంజీళ్లు తియ్యమనేవాళ్లు ముందు తీసి చూపించాలి. అప్పుడు అవి ఎలా ఉంటాయో వాళ్లకి తెలుస్తుంది. తెలిశాక ఇంక తియ్యమనరు.' ఎంత వెతికినా ఆ వాదనలో నాకు లోపం దొరకలేదు. ఆ మధ్యాహ్నం పిల్లలందరూ లెక్కపెడుతూ ఉండగా గుంజీళ్లు తీశాను. నా మనసు మారింది గానీ మోకాళ్లు మర్నాటిదాకా మారలేదు.

రత్నకుమారి తరగతి పరిస్థితి ఇంకా దారుణం. అక్కడ ఒక పిల్లవాడు పాఠం టీచరు పాడాలని ఒప్పించాడు. సాంఘికశాస్త్రంలో పంచాయతీ వ్యవస్థ ఆవిడ ఏ రాగంలో పాడుతోందో మా గదికి కూడా వినిపించేది.

దాంతో మేమిద్దరం కూడబలుక్కుని అందరికీ 'డి' వెయ్యడం మొదలుపెట్టాం. బడి మళ్లీ బడిలా నడిచింది. కానీ మాకు మెమో వచ్చింది. 'మీ పాఠశాల ఉపాధ్యాయులయందు తీవ్రమైన ఒప్పుదల లోపము గమనింపబడినది' అని అందులో ఉంది. లోపం సరిచెయ్యడానికి మండల కేంద్రంలో శిక్షణ పెట్టారు.

శిక్షణ ఇచ్చింది మూల్యాంకన సమన్వయాధికారి భుజంగరావుగారు. ఆయన మైకు ముందు నిలబడి ఉపన్యాసం అందుకున్నారు. "ఉపాధ్యాయుడనేవాడు ఒక సింహద్వారము వంటివాడు. బాలుని వాదన వచ్చి ఆ ద్వారమును తట్టినప్పుడు గడియ తీయవలసినది ఎవరు?"

"ఆయమ్మండి," అన్నారు వెనక వరసలోంచి ఎవరో. పాపం, నిద్రలోంచి లేచి చెప్పినట్టుంది.

తర్వాత ఒప్పుకోవడం ఎలాగో నేర్పారు. మొదటి మెట్టు కనుబొమలు ఎత్తడం. రెండో మెట్టు 'ఊఁ' అనడం. మూడోది తల కిందికీ పైకీ ఊపడం. మధ్యాహ్నం దాకా హాలంతా కనుబొమలు ఎత్తాం. భోజనాల తర్వాత 'ఊఁ' అన్నాం. తల ఊపే పాఠం వచ్చేసరికి చాలామంది తలలు వాటంతటవే వాలిపోతున్నాయి. భుజంగరావుగారు చాలా సంతోషించారు.

తిరుగు బస్సులో తాతాజీగారు కిటికీలోంచి చూస్తూ హఠాత్తుగా నవ్వారు. ఆయన నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

"హైమవతిగారూ, పిల్లలు జరిగే పనే అడిగితే మనకేం కష్టమండి?"

అంతే. ఆ వారం నుంచి మా పిల్లలు రాసే పేరాల తీరు మారిపోయింది. 'సాయంత్రం గంట కొట్టాలి. ఎందుకంటే కొట్టకపోతే సాయంత్రమైనట్టు తెలీదు.' 'మధ్యాహ్నం అన్నం పెట్టాలి. ఎందుకంటే ఆకలి వేస్తుంది.' 'ఆదివారం సెలవు ఇవ్వాలి. ఎందుకంటే అది ఆదివారం.' చదివిన వెంటనే మా మనసులు మారిపోయేవి. గంట కొట్టేవాళ్లం, అన్నం పెట్టేవాళ్లం, ఆదివారం సెలవిచ్చేవాళ్లం. బడి మొత్తానికి 'ఏ' గ్రేడ్లే. మండలంలో మాకు ప్రశంసాపత్రం వచ్చింది. తాతాజీగారు దాన్ని కూడా నిలబడే చదివారు.

పత్రం గోడకి తగిలించకముందే సవరణ ఉత్తర్వు వచ్చింది. ఇదివరకే ఒప్పుకుని ఉన్న పనికి ఒప్పించడం ఒప్పింపు కాదట. అందుచేత 'ఏ' గ్రేడు ఇవ్వబోయే ప్రతి పనినీ చదువరి ముందుగా వ్యతిరేకిస్తున్నట్లు 'పూర్వ నిరాకరణ' దాఖలు చెయ్యాలి.

తాతాజీగారు రూలు తప్పే మనిషి కాదు. ఆయన కూర్చుని, మధ్యాహ్న భోజనాన్ని తాను తీవ్రంగా వ్యతిరేకిస్తున్నట్టు రాసి సంతకం పెట్టారు. తర్వాత మంచినీళ్లనీ, సాయంత్రం గంటనీ వ్యతిరేకించారు. ఆదివారాన్ని వ్యతిరేకించడానికి మాత్రం చెయ్యి ఆడలేదు. ఆ కాగితం రత్నకుమారి చేత రాయించారు.

మర్నాటి నుంచి మా బడిలో ఎవరో ఒకరు ఒప్పిస్తే గానీ అన్నం పెట్టడానికి వీల్లేకపోయింది.

ఆ రోజు వంతు దుర్గాప్రసాద్‌ది. పిల్లలందరూ పళ్లేలు పట్టుకుని వరండాలో వరసగా కూర్చున్నారు. తాతాజీగారు కుర్చీలో కూర్చుని పేరా చదువుతున్నారు. వంట చేసే వీరలక్ష్మి గరిటె పట్టుకుని పక్కన నిలబడింది.

"పప్పు చల్లారిపోతందండి మాస్టారూ."

"ఉండమ్మా. ఇప్పటికి 'సి' దాకా వచ్చాను. కొంచెం చలించాను. మనసు మాత్రం ఇంకా మారలేదు."

"గుడ్లు కూడా చల్లారిపోతన్నాయండి. మీ మనసేంటండీ బాబూ, మా పెద్దాడి పెళ్లి సంబంధంలా ఎక్కడా కుదరట్లేదు!"

"నేనేం చెయ్యనమ్మా? వీడు ఒకటే కారణం రాశాడు, ఆకలేస్తోందని. అది నాకు నిన్ననే తెలుసు. ఒరే, ఇంకోటేదన్నా రాయరా!"

దుర్గాప్రసాద్ పెన్సిలు కొస కొరుకుతూ ఆలోచించి, మాస్టారి మొహంలోకి ఒకసారి చూసి, ఒక వాక్యం రాసిచ్చాడు. 'మాస్టారూ, మేము తినేదాకా మీరు కూడా డబ్బా విప్పరు కదా.'

తాతాజీగారు అది రెండుసార్లు చదివారు. కనుబొమలు ఎత్తారు. 'ఊఁ' అన్నారు. తల ఊపారు. వీరలక్ష్మి ఆ తల మళ్లీ నిలబడేలోగా పప్పు వడ్డించేసింది.

సాయంత్రం గంట విషయంలో ఇంతకంటే ఎక్కువ గొడవైంది. ఆ రోజు వంతు వచ్చిన పిల్లకి ఏమీ తోచలేదు. తల్లిదండ్రులు గేటు దగ్గర చేరి, పిల్లల్ని వదలమని మమ్మల్ని నోటితోనే ఒప్పించడం మొదలుపెట్టారు. అందులో కొన్ని మాటలు ఇక్కడ రాయలేను. నోటితో ఒప్పించడం చెల్లదని తాతాజీగారు గేటు లోపల్నుంచి వాళ్లకి వివరించారు. ఆఖరికి ఆ పిల్ల తండ్రే పెన్సిలు అందుకున్నాడు.

ఈ సంగతి పై దాకా వెళ్లినట్టుంది. భుజంగరావుగారి దగ్గర్నుంచి కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. పిల్లల అభ్యర్థనలను ఉపాధ్యాయులే నిరాకరించి ఉపాధ్యాయులే ఒప్పుకోవడం వల్ల మూల్యాంకనంలో కృత్రిమత్వం చోటుచేసుకుంటున్నదట. కాబట్టి ఇకమీదట ప్రతి విద్యార్థీ తన కుటుంబ సభ్యుల్లో ఒకరిని 'లక్షిత పాఠకుడు'గా ఎంచుకుని రాయాలి. గ్రేడు ఆ సభ్యుడే వెయ్యాలి. ఋజువు ఆయనే చూపాలి. 'గృహములయందు పూర్వ నిరాకరణ సహజముగా, సమృద్ధిగా లభ్యమగుచున్నది' అని ముగించారు.

ఈ ఒక్క మాటలో మాత్రం శాఖ నిజం చెప్పింది.

మేరీగ్రేసు వాళ్ల నాన్నని చుట్ట మానమని రాసింది. ఆయన 'డి' వేసి, చుట్ట వెలిగించుకుని, బడికొచ్చి కాగితం ఇచ్చి వెళ్లాడు. షాహిదా రాసింది చదివి వాళ్ల అన్నయ్య 'సి' వేశాడు. దుర్గాప్రసాద్ వాళ్లమ్మ 'బి' వేసింది. మనసు మారబోయిందట గానీ సరిగ్గా అప్పుడే పాలు పొంగాయట.

చిన్మయి నానమ్మకి రాసింది. బడిలో కూర్చుని, కాగితానికి చెయ్యి అడ్డం పెట్టుకుని రాసి, నాకిచ్చింది.

'నానమ్మా, నువ్వు కంటి ఆపరేషన్ చేయించుకోవాలి. నువ్వు జడ వేస్తే నా పాపిడి వంకర వస్తోంది. బడిలో అందరూ పంటకాలవ అని నవ్వుతున్నారు. అమ్మ వేస్తానంటే నేను వద్దన్నాను. నాకు నీ చేత్తోనే కావాలి. అందుకని చేయించుకో.'

టీచరుగా చూస్తే అది బలహీనమైన పేరా. కనీసం మూడు కారణాలుండాలి, ఉన్నది ఒకటే. 'మొదటగా', 'అంతేకాక', 'చివరగా' అన్న పదాల్లో ఒక్కటీ లేదు. నేను దిద్దితే 'సి' వేసేదాన్ని. దిద్దకుండా చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

తాతాజీగారు మాత్రం కళ్లజోడు సవరించుకుని మురిసిపోయారు. "బడి మొత్తానికి ఇంత గట్టి పూర్వ నిరాకరణ ఇంకోటి లేదండి. మీ అత్తయ్యగారు ఏళ్ల తరబడి వద్దంటున్నారు కదా! ఇది కానీ 'ఏ' అయ్యిందా, జిల్లాలో మనమే."

సాయంత్రం కాగితం అత్తయ్యగారి చేతికిచ్చాం. ఆవిడ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు.

"ఇక్కడేదో నల్లగా ఉంది. చదవరా వామనా," అని మావారికిచ్చారు.

మావారు గొంతు సవరించుకున్నారు. పాపిడి మాట దగ్గరికి రాగానే ఆగి నా వైపు చూశారు. అత్తయ్యగారు వంట దగ్గర ఎన్ని మాటలు పడ్డా, మనవరాలి జడ దగ్గర ఒక్క మాట పడేవారు కాదు. పొద్దున్నే దాన్ని ముందు కూర్చోబెట్టుకుని, వేళ్లతో తడుముకుంటూ పాపిడి తీసి, "చూడు, గీత గీసినట్టుంది" అనేవారు. మేమంతా అవుననేవాళ్లం. చిన్మయి మరీ గట్టిగా అనేది. అందుకని మావారు ఆ వాక్యాలు వదిలేసి సొంతంగా అల్లారు. ప్రస్తుత వైద్య సదుపాయాలు, వృద్ధుల ఆరోగ్యం విషయంలో మన బాధ్యత, 'తగు నిర్ణయం తీసుకోగలరు'.

"ఇది చిన్నది రాసిందా? నువ్వు హైమకివ్వు," అన్నారు అత్తయ్యగారు.

నేను చదివాను. పాపిడి నేనూ వదిలేశాను. అది వదిలేస్తే ఏమీ మిగల్లేదు గనుక మూడు కారణాలు చేర్చాను. మొదటగా, అంతేకాక, చివరగా.

"ఇది నీ గొంతు. చిన్మయీ, నువ్వు చదువు."

చిన్మయి మా ఇద్దరి మొహాలూ చూసి, నానమ్మ మొహం చూసి, కాగితం వెనక్కి పెట్టుకుంది. "నానమ్మా, నువ్వు ఆపరేషన్ చేయించుకుంటే టీవీ బాగా కనిపిస్తుంది," అంది.

అత్తయ్యగారు మా ముగ్గురి వైపూ తిరిగారు.

"ముగ్గురూ మూడు చదివారు. కాగితం మీద చూస్తే నాలుగు గీతలంత నలుపు ఉంది. వీడేమో పావుగంట చదివాడు. నాకు కళ్లే కనిపించట్లేదు గానీ బుర్ర బానే పనిచేస్తోంది. నేను గ్రేడూ వెయ్యను, ఏమీ వెయ్యను."

గ్రేడు పడలేదని తాతాజీగారు పైకి రాశారు. భుజంగరావుగారు తాతాజీగారిని వెంటబెట్టుకుని స్వయంగా జీపులో మా ఇంటికొచ్చారు. అత్తయ్యగారు ఆయనకి కాఫీ ఇచ్చారు. ఆయన ఒక గుక్క తాగి, కళ్లు పెద్దవి చేసి, తాతాజీగారి వైపు చూసి, కప్పు చాలా నెమ్మదిగా కింద పెట్టారు. పంచదార డబ్బా పక్కన ఏ డబ్బా ఉంటుందో నాకు తెలుసు గనుక నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

"అమ్మగారికి చికిత్స అత్యవసరమన్న విషయమై నాకు పరిపూర్ణమైన ఒప్పుదల కలిగింది," అన్నారాయన, చిన్మయి పేరా చదవకుండానే. చదివాక, "ఇంకా కలిగింది," అన్నారు.

తాతాజీగారు లేచి నిలబడ్డారు. "అయితే సార్, 'ఏ' గ్రేడు వెయ్యండి. ఆసుపత్రికి ఎప్పుడు వెళ్తారో చెప్తే ఋజువు రాసుకుంటాను."

"నేనెందుకు వెళ్లాలయ్యా?"

"చదివి ఒప్పుకున్నవారే పని చేసి చూపాలండి. మీ ఉత్తర్వే సార్. కంటి ఆపరేషన్ మీరు చేయించుకోవాలి."

భుజంగరావుగారు రెండు కళ్లూ గట్టిగా మూసుకుని తెరిచారు. "పునఃపరిశీలించగా నేను కొద్దిగా చలించానంతే. 'సి'. పైగా లక్షిత పాఠకురాలు అమ్మగారు. వారే చదవాలి."

"ఆవిడకి కనపడదు కదండీ. చదివి వినిపిస్తాం," అన్నాను వంటింట్లోంచి.

"చెల్లదు. మధ్యవర్తి ప్రభావం పడుతుంది."

అది పడిన సంగతి మాకూ తెలుసు.

"పోనీ ఆపరేషన్ అయ్యాక చదువుతారు," అన్నారు మావారు.

"అప్పుడు పని ముందు జరిగి, ఒప్పుదల తర్వాత వస్తుంది. ఇదివరకే జరిగిన పనికి గ్రేడు ఎలా ఇస్తామండీ?"

అంటే చదవాలంటే ఆపరేషన్ కావాలి. గ్రేడు రావాలంటే ఆపరేషన్ కాకుండా చదవాలి. ఇంత క్లిష్టమైన విషయం తన స్థాయిలో తేలదని భుజంగరావుగారు జిల్లాకి రాశారు. జిల్లావారు ఇంకా పైకి రాశారు. మావారికి మాత్రం శాఖ మీద మొదటిసారి గౌరవం కలిగింది. "ఎంత బాగా పైకి పంపుతున్నారే!" అన్నారు.

వివరణ వచ్చింది. తాతాజీగారు అది నిలబడి చదివి, ఆ కాగితంతో సరాసరి మా ఇంటికొచ్చి, మళ్లీ నిలబడి చదివారు.

"లక్షిత పాఠకురాలికి దృష్టి లోపము ఉన్న ఎడల, పాఠశాల యాజమాన్యము స్పష్టమైన చూపు గల ఒక ప్రత్యామ్నాయ నానమ్మను ఏర్పాటు చేసుకొనవలెను. సదరు ప్రత్యామ్నాయ నానమ్మ ఇచ్చు గ్రేడు, అసలు నానమ్మ ఇచ్చిన గ్రేడుగానే పరిగణింపబడును."

అత్తయ్యగారు చిక్కుళ్లు ఈనె తీస్తున్నారు. చెయ్యి ఆగింది. "ప్రత్యా... ఎవరు నాయనా?"

"వేరే నానమ్మండి. పేరుకే. అభ్యంతరం లేకపోతే మీ పక్కింటి అచ్చాయమ్మగారిని అనుకున్నాం. ఆవిడా చాలాకాలం ఆపరేషన్ వద్దన్నారు, అంటే పూర్వ నిరాకరణ ఉందండి. తర్వాత చేయించుకున్నారు, అంటే ఋజువూ ఉంది. చూపు కూడా బ్రహ్మాండంగా ఉంది. అన్నీ ఒక్క మనిషిలో కుదరడం మన అదృష్టమండి, ఆయ్."

అచ్చాయమ్మగారు కళ్లు బాగుపడ్డ దగ్గర్నుంచీ పొద్దున్నే అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదువుతున్నారు. మా అత్తయ్యగారికి వినిపించేలా చదువుతారని మా అత్తయ్యగారి అభిప్రాయం. పేరు తలుచుకోగానే ఆవిడ గుమ్మంలో ఉన్నారు. తాతాజీగారు ముందే చెప్పినట్టున్నారు, పట్టుచీర కట్టుకుని మరీ వచ్చారు.

"ఏది వదినా, నా మనవరాలు ఏదో రాసిందట?"

"నీ మనవరాలేంటి?" అన్నారు అత్తయ్యగారు.

"గవర్నమెంటు రాసిచ్చిందిగా! ఇలా తేమ్మా చిన్మయీ, చీమ తలకాయంత అక్షరమైనా నాకు కనిపిస్తుంది."

చిన్మయి కదల్లేదు. తాతాజీగారే బల్ల మీది కాగితం తీసి ఆవిడ చేతికిచ్చారు. నేను ఆపేలోపు అచ్చాయమ్మగారు పేపరు చదివినట్టే వీధి చివరికి వినిపించేలా అందుకున్నారు.

"నానమ్మా, నువ్వు కంటి ఆపరేషన్ చేయించుకోవాలి. నువ్వు జడ వేస్తే నా పాపిడి వంకర వస్తోంది. బడిలో అందరూ పంటకాలవ అని నవ్వుతున్నారు. అమ్మ వేస్తానంటే..."

అత్తయ్యగారు లేచారు. ఒళ్లోని చిక్కుళ్లన్నీ నేల మీద పడ్డాయి. చెయ్యి చాపి, మొదటిసారి గాలిని, రెండోసారి కాగితాన్ని పట్టుకుని లాక్కున్నారు.

"ఇది నాకు రాసింది."

"అదేంటి వదినా, ఇంకా గ్రేడు వెయ్యలేదు! నా మనసు మారుతోంది కూడాను!"

"నీ మనసు మీ ఇంటికెళ్లి మార్చుకో అచ్చాయమ్మా."

తాతాజీగారు ఏదో అనబోయి, అత్తయ్యగారి మొహం చూసి, ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకున్నారు. వెళ్తూ నాతో, "దీన్ని 'పెండింగ్' అని రాస్తానండి," అన్నారు. "ఆ కాలమ్ మాత్రం ఉంది."

వాళ్లు వెళ్లాక అత్తయ్యగారు చిన్మయిని దగ్గరికి పిలిచారు. తలమీద చూపుడువేలు పెట్టి, నుదుటి దగ్గర్నుంచి వెనకదాకా పాపిడి వెంబడి నెమ్మదిగా పోనిచ్చారు. వేలు ఒకచోట ఎడమకి తిరిగింది, ఇంకోచోట కుడికి తిరిగింది.

"రోజూ ఇంతేనా?"

"కొన్ని రోజులు బానే వస్తుంది నానమ్మా," అంది చిన్మయి.

"నవ్వుతున్నారా?"

"నేను కూడా నవ్వుతాను వాళ్లతో."

ఆ రాత్రి భోజనాలకి కూర్చున్నాం. చిక్కుడుకాయ కూరలో ఏం పడిందో, ఏం పడలేదో ఎవరం అనలేదు. పెరుగు వడ్డించాక అత్తయ్యగారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బొడ్లో దోపుకుని, మామూలు గొంతుతో చెప్పారు.

"సోమవారం నేను కంటి ఆసుపత్రికి వెళ్తున్నాను. నాకు పొయ్యి దగ్గరికి వెళ్లే వీలయ్యేదాకా దీని జడ హైమ వేస్తుంది. వంటిల్లు మాత్రం వామనుడు చూసుకుంటాడు."

మావారి చేతిలో ముద్ద ఆగిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన మొహంలో ఒక స్పష్టమైన అభిప్రాయం కనిపించింది. నోరు తెరిచారు.

"ఎవరికైనా అభ్యంతరాలుంటే కాగితం మీద రాసివ్వండి," అన్నారు అత్తయ్యగారు, మజ్జిగ గ్లాసు కోసం చేత్తో తడుముతూ. "కట్టు విప్పాక చదువుతాను."